పుంజులా, పెట్టలా? బిల్లు మీద రాసి ఇవ్వాలి

పోయిన వానాకాలం మా ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లు మహిళా సంఘం అప్పుతో ఒక్కొక్కరు ఇరవై చొప్పున కోడిపిల్లలు కొన్నారు. నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్మే పిల్లలవి. సంకర జాతి, పెరట్లో తిరిగి బతుకుతాయి, నాటుకోడి కంటే రెండింతలు గుడ్లు పెడతాయి అని అమ్మినవాళ్లు చెప్పారు. ఇంటికి పది పెట్టలు దక్కినా ఇంట్లో పిల్లలకు రోజూ గుడ్డు పెట్టొచ్చు, వారానికో డజను సంతకు పంపొచ్చు అని మనవాళ్లు లెక్క వేసుకున్నారు.

మూడో నెల దాటాక ఒక చెల్లె మాతో అన్నది: "అన్నా, తెల్లారితే వాడంత కూతలే గాని, రేపు గంపల గుడ్డు పెట్టేటియి ఎన్ని ఉన్నయో జర వచ్చి చూడు." మాట వింటే నవ్వొచ్చింది. కానీ నెలనెలా కిస్తీ కట్టాల్సింది ఆమే కదా.

మేం ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశాం. తెచ్చినవి 240. చచ్చినవి 22. మిగిలిన 218లో పుంజులు 147, పెట్టలు 71. అమ్మినవాళ్లను అడిగితే ఒకటే జవాబు: "సంకర పిల్లల్లో ఏది పుంజో ఏది పెట్టో చిన్నప్పుడు ఎవరికీ తెలియదు. మీ అదృష్టం అట్లా ఉంది."

ఈ జవాబు సగం నిజం. ఆ మిగతా సగంలోనే మన డబ్బు పోతోంది. అందుకే ఈ నెల పత్రికలో పత్తి ధర, యూరియా కొరత పక్కన పెట్టి కోడిపిల్లల గురించి రాస్తున్నాం. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లకు పైగా ఉన్నాయి. 2012 లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. ఎకరం లేని ఇంట్లో కూడా కోడి ఉంటుంది. ఆ కోడి మీద వచ్చే పైసలు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఉండే ఒకే ఒక్క ఆదాయం.

ముందు అబద్ధాలు తీసేద్దాం

కొసగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందని మన పెద్దలు చెప్పేవారు. పిల్లను కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తల ఎత్తేది పుంజని కొందరంటారు. దారానికి ఉంగరం కట్టి గుడ్డు మీద వేలాడదీసి, అది గుండ్రంగా తిరిగితే ఒకటి, అటూ ఇటూ ఊగితే ఇంకొకటి అనేవాళ్లూ ఉన్నారు. ఇవేవీ నిజం కావు. నమ్మకం ఎందుకు పోదంటే, కళ్లు మూసుకుని చెప్పినా సగం సార్లు నిజమవుతుంది. నిజమైనవి గుర్తుంటాయి, తప్పినవి మరిచిపోతాం.

అసలు సంగతి ఇది. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. కోళ్లలో అది తల్లిని బట్టి ఉంటుంది. పుంజులో జెడ్ అనే క్రోమోజోములు రెండుంటాయి. పెట్టలో ఒకటి జెడ్, ఇంకొకటి డబ్ల్యు. పెట్ట జెడ్ ఇస్తే పుంజు పిల్ల, డబ్ల్యు ఇస్తే పెట్ట పిల్ల. గుడ్డుకు పెంకు పట్టకముందే ఇది తేలిపోతుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు పొదిగినా, ఏ గంపలో పొదిగినా మారదు. మొత్తం మీద సగం పుంజులు, సగం పెట్టలు పుడతాయి.

తెలుసుకునే దారులు లేకపోలేదు

ఒకరోజు పిల్లలో పుంజునూ పెట్టనూ గుర్తించడం ప్రపంచంలో వందేళ్లుగా జరుగుతున్న పని. దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది మలద్వారం లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పడం. 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. 1933లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం వచ్చింది. బాగా చెయ్యి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూడగలరు, తప్పులు చాలా తక్కువ. ఏ జాతికైనా, ఎంత కలగలిసిన సంకరానికైనా ఇది పనికొస్తుంది. కానీ చాలా కాలం నేర్చుకోవాలి. మనం ఇంట్లో ప్రయత్నించొద్దు. పిల్ల పేగు దెబ్బతిని చస్తుంది.

రెండోది రెక్క చూడటం. పుట్టిన మొదటి రెండు రోజుల్లో పిల్ల రెక్క విప్పితే రెండు వరసల ఈక మొలకలు కనిపిస్తాయి. కింది వరస ఈకలు పై వరస కంటే బాగా పొడవుగా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉన్నా, కింది వరస పొట్టిగా ఉన్నా పుంజు. అయితే ఇది అన్ని కోళ్లకూ వర్తించదు. ఈకలు త్వరగా వచ్చే రకం పుంజును, ఈకలు ఆలస్యంగా వచ్చే రకం పెట్టతో కలిపినప్పుడే ఈ తేడా వస్తుంది. ఆ లక్షణం జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి ఉన్న ఒక్క జెడ్ కొడుకులకే పోతుంది కాబట్టి తల్లి ఆలస్యం కొడుకులకు వస్తుంది. కూతుళ్లకు జెడ్ తండ్రి నుంచే వస్తుంది కాబట్టి వాటికి తండ్రి వేగం వస్తుంది. ఈ కలయిక లేని మామూలు పిల్లల్లో రెక్క చూసి చెప్పడమంటే ఉంగరం ఊపినట్టే.

మూడోది రంగు. ఇది కూడా అదే లెక్క. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును, చారల ప్లిమత్ రాక్ పెట్టతో కలిపితే పిల్లలన్నీ నల్లగా పుడతాయి. తల మీద తెల్లమచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. అదే ఎర్ర పుంజును లైట్ ససెక్స్ లాంటి వెండి రంగు పెట్టతో కలిపితే లేత పసుపు పిల్లలు పుంజులు, ఎర్రగోధుమ పిల్లలు పెట్టలు. చిన్నపిల్లవాడు కూడా వేరు చేయగలడు. కానీ తల్లిదండ్రులను తారుమారు చేసి, చారల పుంజును ఎర్ర పెట్టతో కలిపితే కొడుకులకూ కూతుళ్లకూ చారలే వస్తాయి. తేడా పోతుంది.

ప్రపంచంలో పెద్ద పెద్ద లేయర్ కంపెనీలు చేస్తున్నది ఇదే. తెల్ల లేయర్ రకాల్లో చాలావాటిని రెక్క చూసి, గోధుమ గుడ్డు రకాల్లో చాలావాటిని రంగు చూసి మొదటి రోజే వేరు చేస్తారు. పెద్ద ఫారం వాడికి పుంజులు కలిపి పంపే ధైర్యం ఏ హేచరీకీ ఉండదు. వేల పెట్టలు కొనేవాడు ఒక్కో పిల్లనూ లెక్క చూసుకుంటాడు. ఇరవై పిల్లలు కొనే మన చెల్లెకు మాత్రం అదృష్టం గురించి చెబుతారు.

సంకర పిల్లల దగ్గర ఉన్న చిక్కు

అమ్మేవాళ్ల మాటలో ఉన్న సగం నిజం కూడా చెప్పాలి. తల్లిదండ్రులు ఏ రకమో తెలియని కలగలుపు పిల్లల్లో మొదటి రోజు రంగు చూసి, రెక్క చూసి చెప్పడం కుదరదు. ఇంకో సంగతి కూడా ఉంది. రంగుతో వేరైన పిల్లలను పెంచి, వాటిలోనే పుంజునూ పెట్టనూ కలిపి పొదిగిస్తే, ఆ రెండో తరంలో ఆ గుర్తు పనిచేయదు. తల మీద మచ్చ పుంజులకూ వస్తుంది, పెట్టలకూ వస్తుంది. మన ఊళ్లలో చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. "ఇవి ఫలానా రకం పిల్లలే, మచ్చ చూసి తీసుకోండి" అని సంతలో అమ్మేది చాలాసార్లు ఈ రెండో తరమే. అట్లాంటి పిల్లల్లో గుడ్ల సంఖ్య కూడా మొదటి తరం లాగా నిలవదు.

అయితే మా ఊరివాళ్లు కొన్నది ఒకరోజు పిల్లలు కాదు, నాలుగు వారాల పిల్లలు. అప్పటికి చూసే కన్ను ఉన్నవాళ్లకు చాలావరకు తెలిసిపోతుంది. పుంజు పిల్ల తురాయి ముందుగా పెరిగి గులాబీ రంగుకు తిరుగుతుంది. పెట్ట పిల్లది చిన్నగా, పసుపుగానే ఉంటుంది. పుంజు కాళ్లు లావుగా ఉంటాయి. బరువు రకాల్లో పెట్టలకు వీపు మీద, తోక దగ్గర ఈకలు ముందొస్తాయి, పుంజులు కొన్నాళ్లు బోడి వీపుతో తిరుగుతాయి. పది పన్నెండు వారాలకు మెడ మీదా నడుము మీదా ఈకలు చూడాలి. కొసలు సూదిగా వేలాడితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. ఇది అన్నిటికంటే నమ్మకమైన గుర్తు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అసీల్ రక్తం కలిసిన పిల్లల్లో తురాయి చూసి తొందరపడొద్దు. అసీల్ తురాయి బఠాణీ గింజల వరసలా చిన్నగానే ఉంటుంది. పుంజును పెట్ట అనుకునే ప్రమాదం ఉంది. వాటిలో నడుము ఈకలు వచ్చేదాకా ఆగాలి. కాలి ముల్లును కూడా నమ్మొద్దు. అసీల్ పెట్టలకు కూడా ముల్లు వస్తుంది.

అంటే వేల పిల్లలను నాలుగు వారాలు సాకే చోట రోజూ మేత వేసే మనిషికి ఏది ఏమిటో తెలియదనడం నమ్మే మాట కాదు. బుట్టలో చెయ్యి పెట్టేటప్పుడు ఏది పట్టాలో ఆ చేతికి తెలుసు.

ఇంటి లెక్క వేరు, ఊరి లెక్క వేరు

ఇక్కడ మనమూ నిజాయితీగా ఉండాలి. ఇరవై పిల్లల్లో పద్నాలుగు పుంజులు రాగానే మోసం అని అరవకూడదు. కలగలుపుగా తెచ్చిన ఇరవై పిల్లల్లో పద్నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ పుంజులు రావడం, ఏ మోసం లేకుండానే, వంద ఇళ్లలో ఆరిళ్లకు జరుగుతుంది. బొమ్మా బొరుసూ ఎగరేసినట్టే. ఒక ఇంటి లెక్క తీసుకుని పోతే అమ్మినవాడు నవ్వి పంపుతాడు. అతని నవ్వులో న్యాయం ఉంటుంది కూడా.

కానీ పన్నెండు ఇళ్ల లెక్క కలిపితే కథ మారుతుంది. మా ఊళ్లో 218లో 147 పుంజులు. చచ్చిన 22 పిల్లలూ పెట్టలే అనుకుందాం. అప్పుడైనా పెట్టలు 93 మాత్రమే, పుంజులు 147. సగం సగం పుట్టిన మందలోంచి ఏరకుండా తెస్తే ఇట్లా రావడం వెయ్యిలో ఒకసారైనా జరగదు. ఎవరో ముందుగా పెట్టలను ఏరుకున్నారు. ఆ ఏరిన పెట్టలు ఎక్కువ ధరకు ఇంకెవరికో పోయాయి. మిగిలింది మన ఆడవాళ్లకు వచ్చింది.

అందుకే సభ్యులందరికీ మేం మొదట చెప్పేది పోట్లాట కాదు, నోటు పుస్తకం. పిల్లలు తెచ్చిన రోజు ఎన్ని, చచ్చినవి ఎన్ని, పన్నెండు వారాలకు పుంజులెన్ని, పెట్టలెన్ని అని ఇంటింటా రాయండి. ఊరంతా కలిపి కూడండి. ఆ లెక్క ముందు ఎవరి నవ్వూ నిలవదు.

పుంజులు మాత్రం దండగా?

కొందరు సభ్యులు మమ్మల్ని అడిగారు. "పుంజులకు మాంసం ధర ఉంది కదా, పండగకు అమ్ముకుంటే పోయె." నిజమే. వనరాజా లాంటి రకం గుడ్డుకూ మాంసానికీ రెంటికీ పనికొస్తుంది. పుంజు వేగంగా బరువు పెరుగుతుంది, బోనాలకో దసరాకో మంచి ధర పలుకుతుంది. పుంజు దండగని మేం అనడం లేదు. తెలియక తెచ్చుకున్న పుంజు దండగ అంటున్నాం.

మాంసం కోసం పెంచేవాడు మొదటి నుంచీ మేత అట్లా వేస్తాడు, మూడు నాలుగు నెలలకు అమ్మేస్తాడు. గుడ్ల కోసం పెంచే ఇల్లు ఐదారు నెలలు ఎదురుచూస్తుంది. పది పెట్టలకు ఒక పుంజు చాలు. పదమూడు పుంజులుంటే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఉన్న కాసిని పెట్టల వీపులు చీరేస్తాయి. అందరివీ ఒకేసారి పుంజులని తేలితే ఒకే వారం సంతకు పోతాయి, దళారీ చెప్పిందే ధర. మా ఊళ్లో అదే అయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మనవాళ్లు గుడ్ల డబ్బుతో కిస్తీ కట్టాలని లెక్క వేసుకున్నారు. చివరికి పుంజులను తెగనమ్మి కట్టారు.

"పెట్టలను విడిగా అమ్మితే పుంజు పిల్లలు ఎవరికి కావాలి? చంపాల్సి వస్తుంది" అని హేచరీల వాళ్లు అంటారు. లేయర్ పరిశ్రమలో అదే జరుగుతోంది. గుడ్డు పెట్టదు, మాంసం పట్టదు కాబట్టి మగ పిల్లను పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దీన్ని చట్టం చేసి నిషేధించింది. ఇక్కడ చంపకుండా మిగిలినవాటిలో కొన్ని ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసుకుని బండి మీద మన వాడల్లోకి వస్తాయి. పిల్లలు ఏడిస్తే పది రూపాయలకు కొనిపెడతాం. వారం తిరక్కముందే చాలావరకు చస్తాయి. ఒకోసారి ఇంట్లో ఉన్న కోళ్లకు కొక్కెర తెగులు అంటించి మరీ పోతాయి. వాటిని కొనొద్దు.

కానీ పెరటి రకాల సంగతి వేరు. వాటి పుంజుకు మాంసం ఉంది, గిరాకీ ఉంది. పుంజు పిల్లలను పుంజు పిల్లలని చెప్పి, తక్కువ ధరకు విడిగా అమ్మితే కొనేవాళ్లు ఉన్నారు. భూమి లేని యువకులు యాభై పుంజులు తీసుకుని పండగ లెక్క చూసుకుని పెంచుతారు. చంపాల్సిన అవసరం లేదు, చెప్పాల్సిన అవసరం ఉంది.

ప్రజల డబ్బుతో నడిచే హేచరీలకు షరతు ఉండొద్దా?

2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్ కింద పెరటి కోళ్ల తల్లి మంద, హేచరీ, పిల్లలు సాకే యూనిట్ పెట్టేవాళ్లకు ఖర్చులో సగం, 25 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. మంచిదే. ఊళ్లకు దగ్గర్లో హేచరీలు రావాలని మనమే అడిగాం. కానీ ఆ 25 లక్షలు మన అందరి డబ్బు. తీసుకున్నవాడు కొనేవాళ్లకు ఏం రాసివ్వాలో షరతు ఉండాలి. పిల్లల్లో తేడా వస్తే అమ్మినవాడు హేచరీని చూపిస్తాడు, హేచరీ పశుసంవర్ధక శాఖను చూపిస్తుంది, శాఖ అదృష్టాన్ని చూపిస్తుంది. తిలా పాపం తలా పిడికెడు.

రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ అక్కడే తయారయ్యాయి. అంత విద్య మన పక్కనే ఉన్నప్పుడు, మొదటి రోజే వేరు చేయడం మన మండలాల్లో పదిమంది యువతకైనా ఎందుకు నేర్పకూడదు? అది ఒక ఉపాధి కూడా అవుతుంది.

మా డిమాండ్లు ఇవి:

1. పెరటి కోడిపిల్లలు అమ్మే ప్రతి హేచరీ, సాకే యూనిట్ బిల్లు ఇవ్వాలి. అందులో రకం పేరు, మొదటి తరమా కాదా, పుట్టిన తేదీ, వేసిన టీకాలు, "పుంజులు, పెట్టలు వేరు చేసినవి" లేదా "వేరు చేయనివి" అన్న మాట ఉండాలి.

2. వేరు చేయనివి అంటే ఏరనివి అని అర్థం. పెట్టలను ఏరి మిగిలినవి ఆ పేరుతో అమ్మకూడదు. ఏరిన మందకు ధర తగ్గించాలి, పుంజులని చెప్పాలి.

3. సబ్సిడీ తీసుకున్న హేచరీలకు ఈ షరతు ఒప్పందంలో పెట్టాలి. తప్పితే సబ్సిడీ వెనక్కి తీసుకోవాలి.

4. గుడ్ల కోసం అప్పు ఇచ్చే మహిళా సంఘాల పథకాల్లో కనీసం సగం పెట్టలని హామీ రాయించాలి. తక్కువైతే తేడా పెట్టలు ఇవ్వాలి.

5. మండల స్థాయిలో పశువైద్య సిబ్బందితో గుర్తింపు శిక్షణ పెట్టించాలి.

ప్రభుత్వం చేసేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. ఒక్కొక్కరు విడిగా కొనొద్దు, ఊరి సంఘం తరఫున కలిసి కొనండి. బిల్లు లేనిదే డబ్బు ఇవ్వొద్దు. నాలుగు వారాల పిల్లలు కొంటే, గుర్తు తెలిసిన ఒక పెద్దమ్మను వెంట తీసుకుపోయి బుట్టలో చెయ్యి ఆమెతోనే పెట్టించండి. బిల్లు ఉండి మోసం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువైతే 2019 వినియోగదారుల చట్టం మనల్ని వినియోగదారులుగానే చూస్తుంది. బిల్లు లేకపోతే ఏ కమిషన్ ముందూ చెప్పుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

విత్తనం సంచి మీద మొలక శాతం రాయాలన్న నియమం ఉంది. కోడిపిల్ల కూడా ఆ ఇంటికి విత్తనమే. మా ఊరి పన్నెండు ఇళ్ల లెక్క పట్టుకుని వచ్చే సోమవారం ప్రజావాణికి పోతున్నాం. మీ ఊరి లెక్క కూడా రాసి పంపండి. ఒక ఊరి కాగితాన్ని పక్కన పెడతారు. పాతిక ఊళ్ల కాగితాలు బల్ల మీద పెడితే అదృష్టం మాట ఎత్తరు.